తాతయ్య టేకు పెట్టెని సిగార్ హ్యూమిడార్ (సిగార్లు ఎండిపోకుండా తేమ నిలిపే పెట్టె) చెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కోనసీమ_కుర్రాడు (హైదరాబాద్), మార్చి 9, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీంచి మా తాతయ్య టేకు పెట్టె దింపి తెచ్చుకున్నాను. బయట కొలత 15 అంగుళాల పొడుగు, 10 వెడల్పు, 7 ఎత్తు, చెక్క మందం ముప్పాతిక అంగుళం ఉంటుంది, మూలలు వేళ్ళలో వేళ్ళు పెట్టినట్టు కుసులతో బిగించారు, వెతికినా ఒక్క మేకు కనపళ్ళేదు. తాతయ్య ఇందులో చుట్టలూ పొలం కాగితాలూ పెట్టుకునేవారు, ఆయన పోయాక నానమ్మ పట్టుచీరలు పెట్టి కలరా ఉండలు వేసింది. అడుగు చెక్క మీద మేకుతో గీకి తాతయ్య పేరు ఉంది, ఆయన చేత్తో రాసిందే.

నేను నెలకి రెండో మూడో సిగార్లు కాలుస్తా. కజిన్ దుబాయ్ నుంచి వచ్చినప్పుడల్లా ఓ బాక్స్ తెస్తాడు, 25 ఉంటాయి, నెల తిరక్కుండా ఎండిపోతున్నాయి, పట్టుకుంటే పైఆకు పొరలు పొరలుగా రాలిపోతోంది, వెలిగిస్తే గొంతులో మంట. ఈ పెట్టెలో ఓ స్పాంజి తడిపి పెడితే సరిపోతుందా? లోపల వార్నిష్ కొట్టించాలా? చెక్కపని కొంచెం వచ్చు, చిత్రికా ఉలీ ఉన్నాయి, మెషిన్లు లేవు.

చిత్రిక_పట్టు (కాకినాడ), మార్చి 9, రాత్రి 11:30

స్పాంజి వద్దు, లోపల వార్నిష్ అసలే వద్దు. రేపు కూర్చుని వివరంగా రాస్తాను తమ్ముడూ, ఈలోపు పెట్టె మూత తీసి లోపల ముక్కు పెట్టి వాసన చూడు, కలరా ఉండల వాసన ఎంత ఉందో చెప్పు. అదే అన్నిటికన్నా పెద్ద సమస్య.

నల్గొండ_నర్సి, మార్చి 10, ఉదయం 7:15

అన్నా నా మాట ఇను, పెట్టె పక్కన వెట్టు. రబ్బరు బిగింపు ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొను, అండ్ల 65 పర్సెంట్ బొవేడా ప్యాకెట్ (డబ్బాల తేమని గా 65 కాడనే నిలిపే ప్యాకెట్) ఒకటి ఏసి మూత వెట్టు, అయిపాయె. నేను రెండేండ్ల సంది గట్లనే నడిపిస్తున్న. అంతకు ముందు నేను గూడ అద్దం మూతతోని చెక్క పెట్టె చేయించిన, చూడనీకి మస్తు ఉండె గని అద్దానికి చెక్కకి నడుమ సందుల నుంచి తేమంత పోయేది, ఎండకాలం తేమ కొలిచే మీటర్ల 48 కన్న పైకి లేవలే. మంచి సిగార్లు 20 దాకా కరాబైనయ్. గా బాధ నీకొద్దని చెప్తున్న.

కోనసీమ_కుర్రాడు, మార్చి 10, ఉదయం 9:05

నర్సన్నా థ్యాంక్స్, ఉన్న సిగార్లని ఇవాళే ప్లాస్టిక్ డబ్బాలోకి మారుస్తా. కానీ పెట్టె మాత్రం చెయ్యాలనే ఉంది, అటక మీద మళ్ళీ పడెయ్యడానికి మనసు ఒప్పట్లేదు. చిత్రిక అన్నగారూ, వాసన గట్టిగానే ఉందండి, మూత తియ్యగానే పాత బీరువా తెరిచినట్టు గుప్పుమంటోంది.

చిత్రిక_పట్టు, మార్చి 10, రాత్రి 9:50

నర్సి గారు చెప్పింది నిజమే, గాలి చొరబడకుండా ఉండటం ఒక్కటే చూసుకుంటే ప్లాస్టిక్కే మెరుగు. చెక్కతో వచ్చే లాభం వేరు, చెక్క తనలో కొంత తేమ దాచుకుని పెట్టెలో తక్కువైనప్పుడు వదుల్తుంది, ఎక్కువైనప్పుడు లాక్కుంటుంది. మూత పదిసార్లు తీసినా లోపల ఒక్కసారిగా పడిపోదు. కానీ ఆ పని టేకు చెయ్యదు. టేకులో నూనె ఉంటుంది, నీటిని దగ్గరికి రానివ్వదు, అందుకే పడవలకీ గుమ్మాలకీ వాడతాం. పైగా దాని వాసన దానికుంది. కాబట్టి టేకు బయటి గోడ, లోపల ఇంకో చెక్క తొడుగు, ఇదీ లెక్క.

తొడుగుకి ప్రపంచమంతా వాడేది స్పానిష్ సెడార్. పేరులో సెడార్ ఉంది కానీ అది దేవదారు జాతి కాదు, స్పెయిన్‌దీ కాదు, మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే చెట్టు, మహాగనీ కుటుంబం, అంటే మన వేప కుటుంబమే. వాసన సిగారుకి కలుస్తుంది, పురుగుకి నచ్చదు అంటారు, తేమకి పెద్దగా వంకర పోదు. మన దగ్గర దొరకడం కష్టం. దానికి దగ్గరి చుట్టం మన నందివృక్షం, టింబర్ డిపోల్లో తూన్ అంటే తెలుస్తుంది, పాత రోజుల్లో మన దేశంలో సిగార్ పెట్టెలూ టీ పెట్టెలూ దీంతోనే చేసేవాళ్ళు. బాగా ఆరిన చెక్కే తీసుకో, పచ్చిదైతే తర్వాత మెలికలు తిరుగుతుంది. దేవదారు పెట్టకు, జిగురు కారుతుంది, ఘాటు ఎక్కువ. గంధం చెక్క కూడా వద్దు, సిగారంతా అగరొత్తి వాసన కొడుతుంది.

ఇక కలరా ఉండలు. ఆ వాసన చెక్క లోపలికంటా దిగి ఉంటుంది, ఎండలో పెడితే సగం పోతుంది అంతే. మూత తీసి పదిహేను రోజులు నీడలో గాలికి పెట్టు, మధ్యమధ్యలో ఓ గంట ఎండ చూపించు, ఎక్కువసేపు పెడితే బీటలిస్తుంది. తర్వాత లోపలంతా గరుకు కాగితంతో పైపొర తీసెయ్యి, మీ తాతయ్య పేరు ఉన్న చోటు తప్ప. ఆ పైన మైనం తీసిన షెల్లాక్, అదే స్పిరిట్‌లో కరిగించే లక్క పాలిష్, మూడు కోట్లు. షెల్లాక్ వాసనని లోపలే బంధించేస్తుంది, తేమ టేకులోకి పోకుండానూ ఆపుతుంది. స్పిరిట్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, అప్పుడు దాని మీద తూన్ తొడుగు. షెల్లాక్ టేకుకి మాత్రమే, తొడుగు చెక్కకి ఏదీ రాయకూడదు, పచ్చి చెక్కే ఉండాలి.

ఫ్రిస్కో_రవి (టెక్సాస్), మార్చి 11, ఉదయం 8:20

సూపర్ పోస్ట్ అన్నా. ఇక్కడైతే చెక్కపని షాపుల్లో స్పానిష్ సెడార్ పల్చటి పలకలు రెడీగా దొరుకుతాయి, నేను రెండు పెట్టెలు చేశాను వాటితో. శ్రీమాన్ కోనసీమ గారికి ఒక ఐడియా, మీ సిటీలో సిగార్లు అమ్మే షాపులకి వెళ్ళి ఖాళీ బాక్సులు అడగండి, చాలామంది ఊరికే ఇచ్చేస్తారు. వాటిలో అసలు సెడార్‌తో చేసినవి ఏరుకోండి, పైన కాగితం అంటించిన ప్లైవుడ్‌వి, ఎండీఎఫ్‌వి (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసినవి) వద్దు. అంచు చూస్తే తెలిసిపోతుంది, పొరలు కనిపిస్తే ప్లై. విడదీసి చిత్రిక పడితే తొడుగుకి పలకలు వస్తాయి.

కోనసీమ_కుర్రాడు, మార్చి 16, సాయంత్రం 6:30

రవి గారూ మీ ఐడియా అద్భుతం, మూడు షాపులు తిరిగితే 11 బాక్సులు దొరికాయి, అందులో 7 అసలు చెక్కవే! విడదీస్తుంటే ఇల్లంతా మిరియాలూ పాత పుస్తకాలూ కలిపినట్టు ఒక వాసన, మా ఆవిడ కూడా బాగుందంది. గోడలకి ఇవి సరిపోతాయి, అడుగుకీ మూతకీ తూన్ పలక ఒకటి కొన్నాను. అన్నగారూ, ఇప్పుడు కొలతలు చెప్పండి.

చిత్రిక_పట్టు, మార్చి 17, రాత్రి 10:10

గోడల తొడుగు 5, 6 ఎంఎం మందం చాలు. ముఖ్యమైంది ఇది, జాగ్రత్తగా చదువు: కింది పెట్టె లోపల పెట్టే తొడుగు, పెట్టె అంచు కంటే 5 ఎంఎం పైకి రావాలి. మూతలో తొడుగు అంతే మేర లోపలికి తగ్గాలి. మూత వేసినప్పుడు ఆ పెదవి మూతలోకి దూరి కూర్చుంటుంది, అదే సీలు. రబ్బరూ అక్కర్లేదు ఫోమూ అక్కర్లేదు. పెదవి బయటి అంచుని గరుకు కాగితంతో కొంచెం వాలుగా తియ్యి, బందుల వైపు ఇంకాస్త ఎక్కువ తియ్యాలి, లేకపోతే మూత తిరిగేటప్పుడు అక్కడ తగులుకుంటుంది. గోడ పలకల రేఖ, అంటే చెక్కలోని చార, పెట్టె చుట్టూ అడ్డంగా పోవాలి, నిలువు పెట్టకు.

ఫెవికాల్ ఎక్కడా పుయ్యకు. ముందు రెండు పొడుగు గోడలు దించు, తర్వాత రెండు పొట్టి గోడల్ని బిగువుగా నొక్కితే నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి, ఆఖర్న వాటి మధ్యలోకి అడుగు పలక వదులుగా దించు. మూత పలకకి మాత్రం నడిమధ్యన ఒక్క గీత రాస్తే చాలు, అంచుల్లో వద్దు. ఎందుకంటే చెక్క తేమ తాగితే రేఖకి అడ్డంగా వెడల్పవుతుంది, 8 అంగుళాల పలక 2 ఎంఎం దాకా పెరుగుతుంది, దానికి చోటు వదలాలి. అడుగు పలక అంటించకపోతే ఇంకో లాభం, కావాలన్నప్పుడు పైకి లేపి తాతయ్య పేరు చూసుకోవచ్చు.

లంకాకు (రావులపాలెం దగ్గర), మార్చి 18, ఉదయం 5:50

ఆయ్, నేనూ ఒక మాట చెప్తానండి. మాది గోదారి లంక పొలమే, మా నాన్నగారి కాలం దాకా లంక పొగాకు వేసేవాళ్ళం. మీరు హ్యుమిడిటీ అంటున్నదాన్ని మేం పదును అంటామండి. ఆకుని తాళ్ళకి గుచ్చి పందిళ్ళ మీద ఆరేస్తే మిట్టమధ్యాహ్నం ముట్టుకోకూడదు, అప్పడంలా పొడైపోద్ది. తెల్లారగట్ట మంచు పడ్డాక ఆకు మెత్తబడి గుడ్డలా ఒంగుద్ది, ఆ పదునులోనే దింపి మండె, అంటే కుప్ప, వెయ్యాలి. పదును తక్కువైతే ఆకు ముక్కలు, ఎక్కువైతే బూజు. మండె వేసాక మా నాన్నగారు మోచెయ్యి దాకా లోపలికి పెట్టి వేడి చూసేవారు, వేడెక్కితే తిరగెయ్యమనేవారు, అర్ధరాత్రయినా సరే.

సిగారుని కూడా అలాగే వేళ్ళతో చూడొచ్చండి. మధ్యలో మెల్లగా నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి రావాలి. కరకరమంటే ఎండినట్టు, నొక్కిన చోట గుంట ఉండిపోతే తడెక్కువైనట్టు. ఇంకోటి, చుట్టలుంటే సిగార్లతో కలిపి ఆ పెట్టెలో పెట్టకండి, మన చుట్ట ఘాటు పక్కనున్న ప్రతిదానికీ ఎక్కేస్తాది.

సుజాత_వైజాగ్, మార్చి 18, మధ్యాహ్నం 1:25

లంకాకు గారూ, పదును అన్న మాట చదవగానే మా నాన్నగారు గుర్తొచ్చారు, సిగారు చెవి దగ్గర పెట్టుకుని నొక్కి వినేవారు. ఆయన హ్యూమిడార్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక మానేశారు, అప్పటికి ఆలస్యమైంది. కోనసీమ గారూ, నెలకి రెండు మూడు అన్నారు, ఆ లెక్క పెరగనివ్వకండి, అక్కగా చెప్తున్నా.

నేను ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి మీటర్ సంగతి చెప్తా. ముల్లు ఉన్న గుండ్రటి మీటర్లు అందానికే, డిజిటల్ కొనండి. కొన్నాక దాన్నీ నమ్మకండి, ఉప్పు పరీక్ష చెయ్యండి. సీసా మూతలో మామూలు ఉప్పు నింపి, ముద్దలా అయ్యేంత వరకే నీటి చుక్కలు వేయండి, కరిగిపోకూడదు. దాన్నీ మీటర్‌నీ ఒక జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి ఒక రోజు వదిలెయ్యండి. కవర్ లోపల సరిగ్గా 75 శాతం ఉంటుంది, అది ఉప్పు గుణం. మీ మీటర్ 71 చూపిస్తే నాలుగు తక్కువ చెప్తోందని ఒక చీటీ రాసి దాని వెనకాలే అంటించండి, మర్చిపోతాం కదా.

కోనసీమ_కుర్రాడు, మే 4, రాత్రి 11:15

చాలా రోజులైంది, క్షమించండి. వాసన పోవడానికే నెల పట్టింది. షెల్లాక్ నాలుగు కోట్లు వేశాను, ఇప్పుడు మూత తీస్తే కలరా ఉండల వాసన సున్నా, మా అమ్మ చేత కూడా వాసన చూపించాను. మీటర్ ఉప్పులో 73 చూపించింది, చీటీ అంటించాను అక్కా. గోడలు మీరు చెప్పినట్టే ఫెవికాల్ లేకుండా బిగించాను, కొట్టినట్టు కూర్చున్నాయి.

కానీ మూత దగ్గర తప్పు చేశాను అన్నగారూ. పలక ఊడి సిగార్ల మీద పడుతుందేమోనని భయమేసి వెనకంతా ఫెవికాల్ పూసి, గోడ నుంచి గోడకి సందు లేకుండా బిగించేశాను. తర్వాత ఒక వీడియోలో చూసి లోపలంతా తడిగుడ్డతో తుడిచాను, తేమ త్వరగా పడుతుందని. పొద్దున లేచి చూస్తే మూత పలక మధ్యలో విల్లులా ఉబ్బింది, ముందు వైపు ఐదు రూపాయల బిళ్ళ దూరేంత సందు. ఇప్పుడు నిద్ర పట్టట్లేదు. టేకు మూత కూడా పాడైందా అని భయంగా ఉంది.

చిత్రిక_పట్టు, మే 5, ఉదయం 6:40

కంగారు పడకు, టేకుకి ఏమీ కాదు. తూన్ ఒక పక్క తడి తాగి పెరిగింది, పక్కకి పోడానికి చోటు లేదు, వెనక్కి పోదామంటే జిగురు పట్టుకుంది, ఇంక మధ్యలోంచి లేచింది. పలకని కాపాడాలని చూడకు, ఉలితో రేఖ వెంట చీలికలుగా లేపి తీసెయ్యి, అంచు దగ్గర మొదలుపెట్టు, ఉలి చదును వైపు టేకుకి ఆనించకు. మిగిలిన జిగురుని వేడినీళ్ళలో పిండిన గుడ్డతో మెత్తబరిచి గీకెయ్యి, షెల్లాక్ అక్కడ తెల్లబడితే మళ్ళీ ఒక కోటు వెయ్యి. కొత్త పలక రేఖకి అడ్డంగా రెండు వైపులా ఒక్కో ఎంఎం వదిలి కొయ్యి, జిగురు మధ్యలో ఒక్క గీత. పడిపోదు, ఆ గీత పదేళ్ళు మోస్తుంది.

తడిగుడ్డ వీడియో నేనూ చూశాను, చాలామంది అలాగే చెప్తారు, పల్చటి పలకలకి అది పనికిరాదు. చెక్కకి తేమ మెల్లగా తాగించాలి.

ఫ్రిస్కో_రవి, మే 5, ఉదయం 7:30

నా మొదటి పెట్టె కూడా సేమ్ ఇలాగే అయింది, కాబట్టి ఫీలవకండి. సీజనింగ్‌కి, అంటే కొత్త తొడుగు చెక్కకి మొదట తేమ పట్టించడానికి, 84 శాతం బొవేడా ప్యాకెట్లు దొరుకుతాయి, 60 గ్రాములవి, 25 సిగార్లు పట్టే చోటుకి ఒకటి లెక్క. మీ పెట్టెకి రెండు వేసి మూత వేసి 14 రోజులు అస్సలు తెరవద్దు. అవి దొరక్కపోతే చిన్న గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పెట్టండి, కుళాయి నీళ్ళు వద్దు, ఉప్పులు మిగిలిపోతాయి, బూజుకీ దారి. 14 రోజుల తర్వాత అవి తీసేసి 65వి పెట్టండి. స్పాంజి అయితే తేమ ఇవ్వడమే తెలుసు, ఈ ప్యాకెట్లు ఇస్తాయి, ఎక్కువైతే వెనక్కి కూడా తీసుకుంటాయి.

నల్గొండ_నర్సి, మే 5, ఉదయం 10:00

65 అన్నది మన ఎండకి కరెక్టే అన్నా. పుస్తకాలల్ల 70 అని రాస్తరు గని అది 21 డిగ్రీల సల్లటి రూముకి. మన ఇండ్లల్ల 30 దాటుతది, వేడి గాలి పట్టే నీళ్ళే ఎక్కువ, అండ్ల 70 అంటే బూజు పిలిచినట్టే. పెట్టెని గోడకి ఎండ తగలని రూముల, కింది అరల పెట్టు.

లంకాకు, మే 5, రాత్రి 8:15

వేడి అన్నారు కాబట్టి పురుగు సంగతి కూడా చెప్పుకోవాలండి. పొగాకు పురుగు, గోధుమ రంగులో ఆవగింజంత ఉంటాది, గుడ్డు ఆకులోనే ఉండి వేడి 24, 25 దాటాక చురుగ్గా పొదుగుతాది. సిగారుకి సూది గుచ్చినట్టు గుండ్రటి చిల్లు, పక్కన సన్నటి పొడి కనిపిస్తే అదే. ఒక్కటి కనిపించినా అన్నిటికీ పాకినట్టే లెక్కేసుకోండి. దుబాయ్ నుంచి వచ్చినవాటిని పెట్టెలో పెట్టేముందే రెండు జిప్ కవర్లు తొడిగి డీప్ ఫ్రీజర్లో మూడు రోజులు, తర్వాత కింది ఫ్రిజ్‌లో ఒక రోజు, ఆ తర్వాతే బయటికి. గబాల్న వేడిలోకి తెస్తే పైఆకు చిట్లుతాది, కవర్ లోపల నీరు పడుతుంది.

కోనసీమ_కుర్రాడు, మే 18, రాత్రి 9:00

పాత పలక చీలికలుగా తీశాను, ఒక పూటంతా పట్టింది, టేకు మీద ఒక్క గీత కూడా పడలేదు. కొత్తది వదులుగా పెట్టాను. చీకట్లో ఫోన్ టార్చి వెలిగించి పెట్టెలో పెట్టి మూత వేసి చూస్తే ముందు కుడి మూల నుంచి వెంట్రుకంత వెలుగు వచ్చింది. పెదవి మీద పెన్సిల్ పొడి రాసి మూత వేసి తీసి, అంటుకున్న చోటే గరుకు కాగితంతో రుద్దుకుంటూ వచ్చాను, ఏడెనిమిది సార్లు. ఇప్పుడు వెలుగు లేదు, పది రూపాయల నోటు అంచున పెట్టి మూత వేస్తే లాగుతుంటే బిగువుగా వస్తోంది. మూతని పైనుంచి వదిలితే దబ్బున పడకుండా ఆఖర్న గాలిని నెట్టుకుంటూ మెల్లగా దిగుతోంది! ఇవాళ 84 ప్యాకెట్లు రెండు వేశాను. జూన్ 1 దాకా తెరవను.

చిత్రిక_పట్టు, మే 18, రాత్రి 9:20

ఆ మెల్లగా దిగడం వినడానికే మేం పెట్టెలు చేస్తాం తమ్ముడూ. చాలా సంతోషం.

సుజాత_వైజాగ్, జూన్ 30, సాయంత్రం 5:10

కోనసీమ గారూ ఏమైంది, వర్షాలు మొదలయ్యాయి కదా, పెట్టె ఎలా ఉంది? మా దగ్గర గాల్లో 80 దాటుతోంది, నాన్నగారి పెట్టెలో మాత్రం 66 దగ్గరే ఉంది.

కోనసీమ_కుర్రాడు, జులై 2, రాత్రి 10:30

అక్కా, మీటర్ 64 చూపిస్తోంది, రెండు కలుపుకుంటే 66, మూడు వారాలుగా అక్కడే ఉంది. బయట మే నెలలో 30 లోపున్న గాలి ఇప్పుడు 75 అయింది, లోపల కదల్లేదు. కింద సిగార్లు 38 ఉన్నాయి, లంకాకు గారు చెప్పినట్టు ఫ్రీజర్ చూసొచ్చినవే. వేలితో నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తోంది. బయట టేకుకి వార్నిష్ వెయ్యలేదు, తాతయ్య చేతి నూనె పట్టి నల్లబడిన చోటు గొళ్ళెం పక్కన అలాగే ఉంచాను.

మొన్న ఆదివారం నాన్న ఊరి నుంచి వచ్చారు. ఆయనకి పొగ పడదు, సిగార్ల వైపు చూడలేదు కూడా. సిగార్లన్నీ తీసి పళ్ళెంలో పెట్టి అడుగు పలక మెల్లగా పైకి లేపి చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని, కిటికీ వెలుగులోకి పెట్టెని జరుపుకుని, వేలితో ఆ గీతల వెంట ఒక్కో అక్షరం రాసినట్టు తిప్పారు. "మా నాన్న ఆఖరి అక్షరానికి దీర్ఘం ఇలాగే పైకి లాగేవాడు రా" అన్నారు. పలక మళ్ళీ ఆయనే పెట్టారు.